హామిద్ మంచివాడని రాస్తే నాలుగు మార్కులు

సాహిత్యం చదివితే పిల్లలకి ఎదుటివాళ్ళ బాధ అర్థమవుతుందని మనందరం అంటూ ఉంటాం. పేరెంట్స్ మీటింగుల్లో ప్రిన్సిపాళ్ళు కూడా మైకు పట్టుకుని అదే అంటారు. నేనూ నమ్ముతాను. కాకపోతే బళ్ళల్లో కథలు చెప్పే పద్ధతికీ, ఆ అర్థం కావడానికీ మధ్య చాలా దూరం ఉందని నా గట్టి అభిప్రాయం. మా చిన్నది పరీక్షలకి చదువుతుంటే పక్కన కూర్చుని పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ విన్నదాన్ని బట్టి ఏర్పడిన అభిప్రాయం ఇది. పెద్ద పరిశోధన ఏమీ చెయ్యలేదని ముందే చెప్పేస్తున్నాను.

అది బట్టీ పడుతున్నది ప్రేమ్‌చంద్ 'ఈద్గాహ్' కథ. కథ అంటే కథ కాదు, అందులో హామిద్ గుణగణాలు. హామిద్ త్యాగశీలి, వివేకవంతుడు, పెద్దలంటే గౌరవం గలవాడు, నేటి బాలలకు ఆదర్శప్రాయుడు. ముందు తెలుగులో అర్థం చెప్పుకుంటోంది, తర్వాత హిందీలో వల్లె వేస్తోంది. మొత్తం నాలుగు వాక్యాలు, నాలుగు మార్కులు.

"కథ పూర్తిగా చదివావా?" అనడిగాను.

"టీచర్ చదివారు. మేం అండర్‌లైన్ చేసుకున్నాం."

"ఏం అండర్‌లైన్ చేసుకున్నారు?"

"ఆన్సర్లు వచ్చే లైన్లు."

ఇక్కడ ఆ కథ ఒకసారి గుర్తు చేసుకుందాం. మనలో చాలామంది హిందీ పాఠంలో చదివిందే. హామిద్‌కి నాలుగైదేళ్ళు. అమ్మా నాన్నా చనిపోయారు. నాన్న డబ్బు సంపాదించడానికి వెళ్ళాడనీ, అమ్మ అల్లా ఇంటి నుంచి మంచి మంచి వస్తువులు తేవడానికి వెళ్ళిందనీ వాడికి చెప్పారు, వాడు నమ్మాడు. నానమ్మ అమీనా పెంచుతోంది. పండగ రోజు ఊళ్ళో పిల్లలంతా ఈద్గాహ్‌కి నడిచి వెళ్తారు. అందరి జేబుల్లోనూ డబ్బులున్నాయి. వీడి దగ్గర మూడు పైసలు. మిగతావాళ్ళు మట్టి బొమ్మలు కొనుక్కున్నారు, మిఠాయిలు తిన్నారు. వీడు ఇనప సామాన్ల కొట్టు ముందు ఆగి, రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ వేళ్ళు కాలతాయని గుర్తొచ్చి, ఆ మూడు పైసలకీ బేరమాడి పట్టకారు కొన్నాడు.

ఇంతవరకు గైడులో కూడా ఉంటుంది. గైడులో లేనిది ఏమిటంటే, హామిద్‌కి ఆ బొమ్మలు కావాలి. చాలా కావాలి. మట్టివి, కిందపడితే పగిలిపోతాయి అని పైకి తీసిపారేస్తూనే ఉంటాడు, కళ్ళు మాత్రం వాటి మీదే ఉంటాయి. ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడాలని చెయ్యి చాస్తాడు, వాళ్ళు ఇవ్వరు. ఇంకొకడైతే మిఠాయి ఇస్తానని పిలిచి, వీడు చెయ్యి చాపగానే తన నోట్లోనే వేసేసుకుంటాడు, మిగతావాళ్ళు నవ్వుతారు. పట్టకారు కొన్న తర్వాత కూడా వీడేమీ బుద్ధుడిలా నడిచి రాడు. దాన్ని తుపాకీలా భుజాన వేసుకుని, మీ బొమ్మలకంటే నా పట్టకారే గొప్ప అని అందరితో వాదించి, గెలిచి, మరీ వస్తాడు. వాడు పసివాడండీ. ఆశపడ్డాడు, చిన్నబుచ్చుకున్నాడు, పంతం పట్టాడు. వాటన్నిటి మధ్యలో నానమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి.

త్యాగశీలి అని రాసేసరికి ఇదంతా ఎగిరిపోయింది. గోడమీద పటం కట్టించుకునే పిల్లాడు ఒకడు మిగిలాడు. అలాంటివాణ్ణి చూసి మన పిల్లలు దండం పెడతారేమో కానీ, వాడి పక్కన నడవరు. తమకి బొమ్మ కావాలని ఏడ్చిన రోజు గుర్తురాదు. ఎదుటివాడికి కూడా మనలాగే ఆశ ఉంటుందని తెలియకపోతే ఇంక అర్థం చేసుకోవడం ఏముంది?

మా అపార్ట్‌మెంట్‌లో శనివారం సాయంత్రం ఏడెనిమిది మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చదువుతుంటాను. మొదట్లో మా చిన్నదీ, దాని ఫ్రెండ్సూ. తర్వాత మూడో ఫ్లోర్ కవలలు. తర్వాత మా వాచ్‌మన్ కొడుకు, ఏడో తరగతి, గుమ్మం పక్కన చెప్పుల దగ్గర నిలబడి వింటుంటే లోపలికి రమ్మన్నాను. అప్పట్నించీ వస్తాడు. పెద్దగా మాట్లాడడు. పరీక్షలయ్యాక ఒక శనివారం వాళ్ళకి ఈ కథే మొత్తం చదివాను. చదివాక ఒకే ఒక్కటి అడిగాను, "హామిద్‌కి బొమ్మ కావాలనిపించిందా, లేదా?" అని.

పెద్ద గొడవైపోయింది. లేదు, వాడు మంచివాడు కదా, అనిపించదు అని కొందరు. అనిపించింది, కానీ డబ్బులు సరిపోవు అని కవలల్లో ఒకడు. సరిపోతాయి, బొమ్మ రెండు పైసలేగా అని రెండోవాడు. ఆ లెక్క నాకు తట్టనే లేదు సుమండీ. హామిద్ కొనలేక మానెయ్యలేదు, కొనగలిగీ మానేశాడు. ఆ వాదన సాగుతుండగా వాచ్‌మన్ కొడుకు అన్నాడు, "అనిపిస్తది ఆంటీ. ఎవరన్న అడిగితే మాత్రం వద్దనే చెప్తం."

గదిలో ఎవరూ ఏమీ అనలేదు. వాడు కూడా తర్వాత ఇంకేమీ అనలేదు. నేను పేజీ తిప్పి నానమ్మ ఏడ్చే చోటు మళ్ళీ చదివాను, అంతే. మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా పట్టకారు తెచ్చావా అని ఆవిడ ముందు తిడుతుంది కదా, ఆ తిట్లు ఈసారి పిల్లలకి వేరేగా వినిపించినట్టున్నాయి. కవలలు నవ్వలేదు.

ఆ పిల్లవాడు "హామిద్‌కి అనిపిస్తది" అన్నాడు కానీ "నాకు" అనలేదు. అనక్కర్లేదు కూడా. కథ చేసే మేలు ఇది. దాని చాటున నిలబడి మన సంగతి చెప్పుకోవచ్చు, ఎవరికీ దొరకం. అదే సంగతి వ్యాసరచన పోటీలో "పేదరికం" అని పేరు పెట్టి రాయమంటే ఆ పిల్లాడు ఒక్క ముక్క రాయడు. కొన్ని స్కూళ్ళలో విలువల క్లాసు అని ఒకటి పెట్టి, "మీ ఇంట్లో కష్టం ఎప్పుడైనా వచ్చిందా, చెప్పండి" అని పిల్లల్ని నిలబెట్టి అడుగుతున్నారట. మా తోటికోడలు చెప్పింది. వింటేనే నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళ పిల్లని నలభై మంది ముందు నిలబెట్టి ఇంటి గుట్టు అడగడం మిగతావాళ్ళకి దయ నేర్పడానికా? హామిద్ గురించి అడగండి, రహమత్ గురించి అడగండి, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చెప్తారు.

రహమత్ అంటే గుర్తొచ్చింది. నేను చదువుకున్నది గోదావరి జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో. మా తెలుగు టీచర్ గారు ఎనిమిదో తరగతిలో మాకు టాగోర్ 'కాబూలీవాలా' చదివి వినిపించారు. ఆవిడ మామూలుగా చాలా స్ట్రిక్ట్. ఆ రోజు మాత్రం రహమత్ జైలు నుంచి తిరిగొచ్చి, మినీ పెళ్ళి రోజున గుమ్మంలో నిలబడి, జేబులోంచి నలిగిన కాగితం ఒకటి తీసే దాకా చదివి పుస్తకం మూసేశారు. ఆ కాగితంలో ఏముందో చెప్పలేదు. బెల్లు కొట్టారు. మేం వెనకబడి అడిగితే, "రేపు" అన్నారు.

ఆ సాయంత్రమంతా మాకు అదే గోల. డబ్బు అని ఒకరు, అప్పు పత్రం అని ఒకరు. కత్తి చుట్టుకొచ్చాడు, చంపడానికే అని ఒకమ్మాయి. అప్పటికే వాడు అప్పు ఎగ్గొట్టినవాణ్ణి పొడిచి జైలుకెళ్ళాడు కదా, అలా అనుకోవడం సహజం. మర్నాడు ఆవిడ చదివారు. ఆ కాగితం మీద వాడి కూతురి చేతి ముద్ర ఉంది, మసి అద్ది తీసింది. అంతకుమించి ఆవిడ ఒక్క వివరణ ఇవ్వలేదు. "నీతి ఏమిటి?" అని అడగలేదు. కత్తి అన్న అమ్మాయి తలొంచుకుని బెంచీ గీకుతూ కూర్చుంది. అది నా పక్కనే కూర్చునేది కాబట్టి నాకు తెలుసు.

ఆ ఒక్క రాత్రి ఆలస్యం లేకపోతే మాకు ఏమీ జరిగేది కాదని ఇప్పుడు అనిపిస్తుంది. ఒక మనిషి గురించి మేం ముందే ఒక మాట అనేసుకున్నాం, తెల్లారి ఆ మాట తప్పని తేలింది. అలా తేలడానికి టైము ఇచ్చారావిడ.

ఆ కథలో ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఇది ఆడవాళ్ళం మాత్రమే పట్టించుకునేది. మినీ నాన్న రహమత్ చేతిలో డబ్బు పెట్టి పంపిస్తాడు, అందుకోసం పెళ్ళిలో దీపాల అలంకారం, బ్యాండు తగ్గిస్తాడు. ఇంట్లో ఆడవాళ్ళు సణుగుతారు. మనం చదివేటప్పుడు ఆయన ఎంత గొప్పవాడో అనుకుని ఆ ఆడవాళ్ళని చిన్నచూపు చూసి ముందుకెళ్ళిపోతాం. కానీ వచ్చిన చుట్టాలకి జవాబు చెప్పుకోవలసింది ఎవరు? వియ్యాలవారి ముందు మాట పడేది ఎవరు? అలాగే మినీ అమ్మకి కాబూలీవాళ్ళంటే ముందునుంచీ భయం, పిల్లల్ని ఎత్తుకుపోతారేమోనని. ఆడపిల్ల తల్లికి భయం ఉండటం తప్పా? ఆ భయాన్ని చూసి నవ్వకుండా, అదే సమయంలో రహమత్‌ని అనుమానించకుండా, రెండూ పట్టుకుని నడిపించగలిగితే పిల్లలకి నిజంగా ఏదో నేర్పినట్టే. ఒకరి మీద జాలి పుట్టించడానికి ఇంకొకర్ని చెడ్డచెయ్యడం సులువు. సినిమాలు ఆ పని రోజూ చేస్తున్నాయి.

ఇంతకీ, చదివినవాళ్ళంతా మంచివాళ్ళైపోతారా అని మా వారు అడిగారు. ఆయన ఎప్పుడూ సరిగ్గా నేను వంటింట్లో చెయ్యి ఖాళీ లేనప్పుడే ఇలాంటివి అడుగుతారు. కారని నాకూ తెలుసు. మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉన్నారు, 'వేయిపడగలు' రెండుసార్లు చదివారు, శరత్ నవలలంటే కన్నీళ్ళు పెట్టుకుంటారు. తిన్న కంచం ఇంతవరకూ తీసి సింకులో వెయ్యలేదు. కాఫీ రెండు నిమిషాలు ఆలస్యమైతే వాళ్ళావిడ మీద వీధి చివరికి వినపడేలా అరుస్తారు. శరత్ ఆడవాళ్ళ కష్టాల మీద జాలి, సొంత ఇంట్లో ఆడమనిషి మీద అరుపు, రెండూ ఒకే గుండెలో హాయిగా ఉంటున్నాయి.

పరిశోధకులు కూడా దీని వెంటపడ్డారు లెండి. 2013లో న్యూయార్క్ న్యూ స్కూల్‌కి చెందిన డేవిడ్ కిడ్, ఎమాన్యుయెల్ కస్టానో అనే ఇద్దరు 'సైన్స్' పత్రికలో ఒక పేపర్ వేశారు. మంచి సాహిత్యంలోంచి కొన్ని పేజీలు చదివించి, ఆ వెంటనే మనుషుల కళ్ళ ఫోటోలు చూపించి, వాళ్ళ మనసులో ఏముందో చెప్పమంటే, చదివినవాళ్ళు కాస్త బాగా చెప్పగలిగారని. ప్రపంచమంతా పత్రికల్లో వచ్చింది. తర్వాత వేరేవాళ్ళు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే అలాంటి ఫలితం రాలేదని 2016లో ప్రచురించారు. నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు. నాలుగు పేజీలు చదివితే మనసు విప్పారడానికి కథ అంటే జండూబామ్ కాదు కదా, రాయగానే పనిచెయ్యడానికి.

మన పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' ఈ విషయం మీదే ఉన్నట్టుంటుంది నాకు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ అది. అందులో రావుగారు నియమాలున్న మనిషి, చదువుకున్నవాడు, ఉపన్యాసం ఇవ్వడానికే రైల్లో వెళ్తున్నాడు. బోగీలోకి వచ్చిన ముష్టిమనిషి అంటే చిరాకు. కానీ పెద్ద గాలివాన వచ్చి, చీకటి స్టేషన్‌లో ప్రాణభయంతో వణికిపోతుంటే, ధైర్యం చెప్పి దగ్గరికి తీసుకున్నది ఆ ముష్టిమనిషే. తెల్లారి చూస్తే ఆవిడ శిథిలాల కింద చనిపోయి ఉంటుంది, చేతిలో ఆయన పర్సు. దొంగతనం చేసిందని తెలిసినా ఆయనకి ఆవిడ మీద కోపం రాదు. అన్ని పుస్తకాలు చదివిన మనిషికి అంత గాలివాన వస్తే తప్ప పక్కమనిషి కనపడలేదు. మన పిల్లలకి ఏ గాలివానా రాకూడదనే కదా మనం కోరుకుంటాం. మరి కథ చదివాక ఆ మాటా ఈ మాటా మాట్లాడుకోవడం తప్ప మన చేతిలో వేరే సాధనం ఏముంది? ఆ పెద్దాయనతో చిన్నప్పుడు ఎవరైనా, "సరేగానీ, మీ ఇంట్లో ఇలా ఎవరున్నారు?" అని అడిగి ఉంటే బావుండేది.

అడగడంలోనూ ఒక చిక్కుంది. ఈమధ్య పాఠ్యపుస్తకాల్లో "మీరే అతని స్థానంలో ఉంటే ఏం చేస్తారు?" అన్న ప్రశ్నలు ఉంటున్నాయి. చూడటానికి చాలా బావుంటుంది. మా చిన్నది జాషువా గారి 'గబ్బిలం' గురించి చెప్పుకుంటుంటే నేనూ అదే అడిగి చూశాను. 1941లో వచ్చిన కావ్యం అది. తంజావూరులో ఉన్న ఒక అంటరానివాడు, తనని గుళ్ళోకి రానివ్వరు కనక, రాత్రి తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి కబురు పంపుతాడు. "నువ్వైతే ఏం చేస్తావే?" అంటే అది ఠక్కున చెప్పింది: "నేనైతే అసలు ఆ గుడికే వెళ్ళనమ్మా. రానివ్వకపోతే మానేస్తా. ఏముంది?"

దానికి అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. ఒక తలుపు మూసేస్తే ఇంకో తలుపులోంచి వెళ్తుంది. అతని స్థానంలోకి వెళ్ళమంటే ఇది తన సౌకర్యాలన్నీ మూటకట్టుకుని వెళ్ళింది. అందుకని ప్రశ్న మార్చాను. "కాళిదాసు మేఘాన్ని పంపించాడు, ఇతను గబ్బిలాన్నే ఎందుకు పంపాడు?" చాలాసేపు ఆలోచించింది. "గబ్బిలాలు గుళ్ళో వేలాడతాయి కదా" అంది ముందు. తర్వాత మెల్లగా, "అంటే గబ్బిలాన్ని ఎవరూ వెళ్ళగొట్టరు, ఇతన్ని వెళ్ళగొడతారు" అంది. "అంతేకాదు, ఇతని ఇంటికి వచ్చేది కూడా అదొక్కటేనేమో." ఆ చివరిమాట నేను కూడా అనుకోలేదు. నువ్వైతే ఏం చేస్తావు అని అడిగితే తన గురించి చెప్పింది, అతను ఇలా ఎందుకు చేశాడు అని అడిగితే అతన్ని చూసింది.

సాధారణంగా ఇలాంటి పాఠం దగ్గర "ఆ రోజుల్లో అలా ఉండేది" అనే ఒక్క మాటతో దాటేస్తారు. నిజం చెప్పొద్దూ, మనం ఇళ్ళల్లో కూడా అంతే. మా అపార్ట్‌మెంట్‌లో రెండు లిఫ్టులున్నాయి. ఒకదాని పక్కన, పనివాళ్ళు, డెలివరీవాళ్ళు సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడాలి అని నోటీసు. గబ్బిలం గురించి మాట్లాడుకున్న నాలుగో రోజో ఐదో రోజో మా చిన్నది ఆ నోటీసు ముందు నిలబడి, "అమ్మా, ఇది ఏ రోజుల్లోది?" అని అడిగింది. అసోసియేషన్ మీటింగులో ఎత్తాను. శుభ్రత కోసం అన్నారు ఒకరు, సెక్యూరిటీ అన్నారు ఇంకొకరు, మీ అమ్మాయిని సైన్స్ మీద దృష్టి పెట్టమనండి అన్నారు మూడోవారు. నోటీసు ఇంకా ఉంది. వచ్చే మీటింగులో మళ్ళీ ఎత్తుతాను, నాకు తోడు ఇప్పుడు ఇంకో ఇద్దరున్నారు.

మనకి ఇదేమీ కొత్త విద్య కాదు. మా అమ్మమ్మ బడికి వెళ్ళలేదు. కానీ 'ఊర్మిళాదేవి నిద్ర' పాట మొత్తం వచ్చేది. మీలో కొందరి ఇళ్ళల్లో కూడా పాడి ఉంటారు. రాముడితో లక్ష్మణుడు అడవికి వెళ్ళిన పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రపోయిందనీ, ఆయన తిరిగొచ్చి లేపితే మొగుడని గుర్తుపట్టక ఎవరో పరాయివాడనుకుని మందలించిందనీ ఆ పాట చెప్తుంది. రాముడు గొప్పవాడు, లక్ష్మణుడి అన్నభక్తి గొప్పది, సరే. మరి ఆ పిల్ల సంగతేమిటి అని మన ముత్తమ్మమ్మలు తిరగళ్ళ దగ్గర, రోళ్ళ దగ్గర అడిగారు. వెల్చేరు నారాయణరావు గారు ఈ ఆడవాళ్ళ రామాయణపు పాటల మీద ప్రత్యేకంగా వ్యాసమే రాశారు. ఓల్గా గారి 'విముక్త' కథల్లో సీత వెళ్ళి శూర్పణఖని కలుస్తుంది, అహల్యని కలుస్తుంది, ఊర్మిళనీ కలుస్తుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది కొందరికి నచ్చలేదు, ఆ సంగతి వేరు. పదో తరగతి తెలుగులో రామాయణం ఉపవాచకంగా పెట్టారు. అందులోంచి పాత్ర స్వభావాలు, సంఘటనల వరస అడుగుతారు. ఊర్మిళ గురించి ఒక్క ప్రశ్న వేసి, రెండు పేరాలు సొంతంగా రాయమంటే పిల్లలు ఏం రాస్తారో నాకు చూడాలనుంది.

సొంతంగా అన్నాను కదా, అక్కడే ఉంది అసలు తంటా. "మీ సొంత మాటల్లో రాయండి" అన్న ప్రశ్నకి కూడా గైడులో జవాబు ఉంది. పిల్లలు ఎవరో ఒకాయన సొంత మాటల్ని బట్టీ పట్టి రాస్తున్నారు. దిద్దేవాళ్ళు కూడా ఆ మాటలకోసమే వెతుకుతారు. దాంట్లో లేని మాట, పిల్లకి నిజంగా తోచింది రాస్తే మార్కు పోతుందని మనమే భయపెడతాం. టీచర్లని నేను అనను. ఒక్కో సెక్షన్‌లో నలభై, యాభై మంది, వారానికి ఇన్ని పీరియడ్లని లెక్క, డిసెంబరుకల్లా పోర్షన్ అవ్వాలి, ఆ తర్వాత అన్నీ రివిజన్లూ, స్లిప్ టెస్టులూ. కాబూలీవాలా దగ్గర పుస్తకం మూసి "రేపు" అనగలిగే తీరిక ఇప్పుడు ఎంతమందికి ఇస్తున్నాం? ఇంటర్‌కి వచ్చేసరికి మార్కులు బాగా పడతాయని సగానికి సగం మంది సంస్కృతం తీసేసుకుంటారు. సంస్కృతం అంటే నాకు గౌరవమే. కానీ అది తీసుకునేది కాళిదాసు కోసం కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అంటే చాలామంది పిల్లలకి సొంత భాషలో ఇంకొక మనిషి కథ చదవడం పదిహేనేళ్ళకే అయిపోతోంది. సరిగ్గా మనుషులు చిక్కుగా కనపడటం మొదలయ్యే వయసుకి.

నన్ను అడిగితే ప్రతి భాషా పరీక్షలోనూ ఒక్క ప్రశ్న, రెండే మార్కులది, సరైన జవాబు లేనిది ఉంచాలి. ఏం రాసినా ఆలోచించి రాస్తే మార్కులు. హామిద్‌కి బొమ్మ కావాలనిపించిందా? మినీ అమ్మ భయపడటం న్యాయమేనా? గబ్బిలమే ఎందుకు? దానికి గైడువాళ్ళు జవాబు రాసేలోగా కనీసం రెండు మూడు బ్యాచ్‌లైనా గట్టెక్కుతాయి. ఆ ప్రశ్న వచ్చేదాకా వంటింట్లో, స్కూల్ ఆటో కోసం ఎదురుచూసే గేటు దగ్గర, రాత్రి కరెంటు పోయినప్పుడు మనమే అడగాలి. జవాబు మనకి తెలియకపోతే మరీ మంచిది.

ఈ శనివారం నుంచి ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు' మొదలుపెడుతున్నాను. నెల్లూరు వైపు ఒక ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లాడి సంగతులు, ఆ యాసలోనే. మా పిల్లలు మాల్‌లో బిర్యానీ తింటారు కానీ, ఆ ఇంట్లో నానమ్మ పిల్లల్ని ఎలా తిడుతుందో, పండక్కి బట్టలు రాకపోతే వాళ్ళమ్మ ఏం చేస్తుందో వాళ్ళకి తెలియదు. నాలుగో ఫ్లోర్ ఆవిడ నిన్న లిఫ్ట్‌లో కనపడి, "ఇవన్నీ ఎందుకండీ, పంచతంత్రం చెప్పొచ్చుగా, అందులో నీతి ఉంటుంది" అన్నారు. అదీ చెప్తాను, నక్క వైపు నుంచి ఒకసారి, కాకి వైపు నుంచి ఒకసారి అన్నాను. ఆవిడ ఒక్కక్షణం నా మొహంలోకి చూసి, సరే, మావాణ్ణి కూడా పంపిస్తాను, కానీ ఆరింటికల్లా మ్యాథ్స్ హోంవర్క్ అయితేనే అన్నారు.